ఎర్ర పెన్ను పక్కన నీలం పెన్ను: సరిహద్దు ఊళ్లో భాష చెబుతూ, భాష మీద పరిశోధన చేస్తూ స్థిరపడటం ఎలా

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు పుట్టి, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో రెండూ కలిపి మాట్లాడుతూ పెరిగినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మహారాష్ట్రలో సిరొంచ వైపు ఉన్నవాళ్లు ఒడియా అన్నచోట మరాఠీ అని చదువుకుంటే చాలావరకు సరిపోతుంది. సరిపోని చోట నేనే చెప్తాను.

నేను గజపతి జిల్లాలో ఇరవై ఏళ్లకు పైగా తెలుగు చెబుతున్నాను. పీహెచ్‌డీ ఆలస్యంగా, ఉద్యోగం చేస్తూనే పూర్తి చేశాను. ఏటా ఇద్దరు ముగ్గురు పిల్లలు వచ్చి, “సార్, తెలుగు చదివితే ఉద్యోగం వస్తాదా?” అంటారు. వాళ్ల నాన్నలు అడిగేది వేరు: “మాస్టారూ, ఒడిశాలో ఉండి తెలుగు ఏటికి పనికొస్తాది?” పిల్లలకి చెప్పే జవాబు, వస్తుంది గానీ తొందరగా రాదు. నాన్నలకి చెప్పే జవాబు కొంచెం పెద్దది. ఈ రాతంతా దానికోసమే.

ముందు మీ భాషల లెక్క చూసుకోండి

ఒక తెల్ల కాగితం మీద అడ్డంగా నాలుగు గడులు గీయండి: వింటే అర్థమవుతుంది, మాట్లాడగలను, చదవగలను, రాయగలను. నిలువుగా మీకు వచ్చిన భాషలన్నీ రాయండి. సవర, కువి, దేశియా, అమ్మమ్మ ఊరి యాస, దేన్నీ “అదేం భాష” అని వదిలేయొద్దు. నా దగ్గర చదివిన ఒక కుర్రాడు అయిదు వరుసలు నింపి, “వీటిల్లో మూడింటికి సర్టిఫికెట్ లేదు కద సార్” అన్నాడు. లేకపోతే పోనీ. బయటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చే పరిశోధకుడు రెండేళ్లు తంటాలుపడి నేర్చుకునేది వాడికి ఊయల్లోనే వచ్చేసింది.

మన పిల్లల్లో ఎక్కువమందికి ఒకే గడి ఖాళీగా ఉంటుంది: తెలుగు మాట్లాడతారు, చదవలేరు. దీనికి కంగారు పడక్కర్లేదు. అక్షరాల వరుస రెండు భాషలకీ ఒకటే, బొమ్మలే వేరు. రోజుకి అరగంట చొప్పున మూడు నెలలు కూర్చుంటే దినపత్రిక చదివేస్తారు. ఒక్కచోట మాత్రం జాగ్రత్త. తెలుగులో ఎ, ఏ వేరు, ఒ, ఓ వేరు. ఒడియా లిపిలో ఈ జంటల్లో ఒక్కొక్కటే ఉంది. “ఏడు” అని రాయాల్సినచోట “ఎడు” అని రాసే పిల్ల అశ్రద్ధగా రాయలేదు. బడిలో నేర్పిన లిపి ఆ తేడా చూడమని ఆ పిల్లకి ఎప్పుడూ చెప్పలేదు, అంతే.

ఏ డిగ్రీ, ఎక్కడ

దారులు రెండు. తెలుగు ఎంఏలో సాహిత్యం, భాషా చరిత్ర, వ్యాకరణం ఎక్కువ, భాషాశాస్త్రం కొంచెం. భాషాశాస్త్రం ఎంఏలో ధ్వనులు, పదాలు, వాక్యాలు ఎలా పనిచేస్తాయన్నదే చదువంతా. అక్కడ తెలుగైనా సవరైనా ఒకటే. నా అభిప్రాయం అడిగితే, ఇంటికి దూరంగా రెండేళ్లు ఉండగలిగి, మూడు భాషలు నోట్లో ఉన్నవాళ్లు భాషాశాస్త్రానికి వెళ్లండి. ఇంటి ఖర్చులు త్వరగా నెత్తిన పడేవాళ్లు తెలుగు ఎంఏ, బీఈడీ చేసి బడిలో చేరండి. పరిశోధన అక్కడి నుంచీ చేయొచ్చు, నేను చేసింది అదే.

మనకి దగ్గర విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం. హైదరాబాద్‌లో ఉస్మానియా ఉంది. అక్కడి భాషాశాస్త్ర శాఖకి 1962లో పునాది వేసింది భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి. అదే ఊళ్లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రం ఉంది, ఇంగ్లిషు మీద మోజున్నవాళ్లకి ఇఫ్లూ (ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఉంది. కుప్పంలో ద్రవిడ విశ్వవిద్యాలయం ఉంది. సిరొంచ వైపు వాళ్లకి పుణెలోని డెక్కన్ కాలేజీ మంచి చోటు. మహారాష్ట్రవాళ్లకి అక్కడ కాగితాల గొడవా తక్కువ. ఇప్పటికే ఉద్యోగంలో ఉన్న టీచర్లు మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థ గురించి తెలుసుకోవాలి. 1969లో పెట్టారు. దాని ప్రాంతీయ కేంద్రాలు టీచర్లకి ఇంకో భారతీయ భాష నేర్పే పది నెలల కోర్సు నడుపుతూ వచ్చాయి. దక్షిణాది భాషలకి కేంద్రం మైసూరులోనే, ఒడియా కావాలంటే భువనేశ్వర్.

కాగితాల గొడవ అన్నాను కాబట్టి నా కథ ఒకటి చెప్తాను. ఎంఏలో చేరడానికి వెళ్తే, ఒక కార్యాలయంలో కౌంటర్ దగ్గర గుమాస్తా నా అడ్రస్ చూసి, “ఒడిశా వాడివి, తెలుగు ఎలా వచ్చు?” అన్నాడు. తెలుగులోనే అడిగాడు, నేను తెలుగులోనే జవాబిచ్చాను. అయినా దరఖాస్తు తిప్పి పంపాడు. పదో తరగతిలో తెలుగు చదివినట్టు మార్కుల షీటు జత చేయలేదట. మళ్లీ విశాఖ నుంచి ఇంటికి వచ్చి, షీటు పట్టుకుని రైలెక్కేసరికి గడువు తేదీకి ఒక్కరోజే మిగిలింది. కాబట్టి పదో తరగతి, ఇంటర్ మార్కుల షీట్లు, నివాస ధ్రువపత్రం, మైగ్రేషన్ సర్టిఫికెట్ మూడేసి నకళ్లు ముందే తీసి పెట్టుకోండి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో స్థానికులకి సీట్లు కేటాయిస్తారు, మనం ఆ లెక్కలోకి రాం. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఆ బాధ లేదు, చాలావాటికి సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాస్తే చాలు.

పరీక్షల సంగతి క్లుప్తంగా

బడి వైపు వెళ్లేవాళ్లకి సీటెట్, అంటే కేంద్రం పెట్టే టీచరు అర్హత పరీక్ష. పేపర్ 1 ఒకటి నుంచి ఐదు తరగతులకి, పేపర్ 2 ఆరు నుంచి ఎనిమిదికి. ఒక్కోదానికి 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు. 60 శాతం వస్తే గట్టెక్కినట్టే. రెండు భాషలు ఎంచుకోవాలి, ఒక్కోదానికి 30 మార్కులు. తెలుగు, ఒడియా, మరాఠీ మూడూ జాబితాలో ఉన్నాయి. అంటే మన ఇంటి భాషా బడి భాషా కలిపి 60 మార్కులు. ఇంత వాటంగా కుదిరే పరీక్ష ఇంకోటి మనకి దొరకదు. ఒడిశా ప్రభుత్వ బడులకి ఆ రాష్ట్రం పెట్టే అర్హత పరీక్ష, ఒటెట్, వేరే ఉంది.

కాలేజీ వైపు వెళ్లేవాళ్లకి యూజీసీ నెట్, అంటే లెక్చరర్ల జాతీయ అర్హత పరీక్ష. రెండు పేపర్లు కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు గంటలు. నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఏదీ ఖాళీగా వదలొద్దు. తెలుగు, ఒడియా, మరాఠీ, భాషాశాస్త్రం వేరువేరు సబ్జెక్టులు. మొదటి పేపరు అందరికీ ఒకటే, అది ఇంగ్లిషులోనో హిందీలోనో ఉంటుంది. తెలుగు పేపరుకి ఊపిరాడకుండా చదివి, మొదటి పేపరు దగ్గర బోల్తా పడినవాళ్లని చాలామందిని చూశాను. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000 రూపాయలు, తర్వాత 42,000. దానికి వయసు 30 దాటకూడదు, మహిళలకీ రిజర్వుడు వర్గాలకీ ఐదేళ్ల సడలింపు ఉంది. నేను ఆ వయసు దాటాక గానీ నెట్ మాట వినలేదు.

తరగతి గదిలో రెండో పుస్తకం

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఆరో తరగతిలో స్నేహితురాలికి ఉత్తరం రాయమన్నాను. ఇంట్లో నాయనమ్మ తప్ప మిగతా అందరూ ఒడియాకి మళ్లిపోయిన ఒక పిల్ల ఇలా రాసింది (మా వైపు అప్ప అంటే అక్క):

“నిన్న మా అప్ప వచ్చాడు. రెండు అన్నలు కూడా వచ్చింది. రేపు మేము జాతరకి వెళ్దాం, నువ్వు తయారుగా ఉండు.”

మూడు వాక్యాలకి ఎర్ర పెన్ను నాలుగుచోట్ల గీత పెట్టింది. ఆ రోజుల్లో నేను చేసేది అంతే. గీత పెట్టడం, పక్కన సరైన రూపం రాయడం, వారం తిరిగేసరికి అదే తప్పు మళ్లీ చూడటం. ఒకరోజు విసుగొచ్చి, ఆ పిల్లనే ఆ వాక్యాలు ఒడియాలో చెప్పమన్నాను. అప్పుడు బోధపడింది.

అప్ప వచ్చినా అన్న వచ్చినా ఒడియాలో “ఆసిలా” ఒక్కటే. క్రియలో మగా ఆడా తేడా లేదు. ఆ పిల్లకి “వచ్చాడు”, “వచ్చింది” రెండూ ఒకే మాటకి రెండు వేషాల్లా కనిపించి, ఏది చేతికందితే అది రాసింది. అలాగే “ఆమే” అంటే ఒడియాలో మేమూ అదే, మనమూ అదే. ఎదుటివాళ్లని కలుపుకున్నామా, వదిలేశామా అన్నది తెలుగు పట్టించుకున్నట్టు ఒడియా పట్టించుకోదు. అందుకే స్నేహితురాలిని జాతరకి పిలుస్తూనే “మేము” అని ఆ పిల్లని బయట నిలబెట్టేసింది.

ఇక “రెండు అన్నలు”. దీన్నీ ఒడియా పుణ్యమే అనుకున్నాను, పొరబాటు. ఒడియాలో మనుషులకి “దుయి జొణ”, వస్తువులకి “దుయిటా”. అంటే మనుషుల్ని వేరుగా లెక్కపెట్టాలన్న తెలివి ఆ పిల్లకి అప్పటికే ఉంది, దాన్ని తెలుగుతో జతచేసి చూపించినవాళ్లే లేరు. మర్నాడు బోర్డు మీద రెండు వరుసలు రాశాను. జొణ అనేచోట ఇద్దరు, ముగ్గురు, నలుగురు. టా అనేచోట రెండు, మూడు, నాలుగు. పది నిమిషాల్లో తరగతంతటికీ పట్టుబడింది. వ్యాకరణ సూత్రం వల్లె వేయించి నాలుగేళ్లలో సాధించలేనిది అది.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. ఎర్ర పెన్ను పక్కన ఒక నీలం పెన్ను, ఒక రెండు వందల పేజీల నోటు పుస్తకం పెట్టుకోండి. ఎడమ పేజీలో పిల్ల రాసిన వాక్యం, అక్షరం మార్చకుండా. కుడి పేజీలో తేదీ, తరగతి, ఇంటి భాష, అదే మాట ఇంటి భాషలో ఎలా అంటారు, ఇంకెంతమంది అలాగే రాశారు. పిల్లల పేర్లు రాయొద్దు, అంకెలు ఇచ్చుకోండి. మీరు ఊహించిన కారణం చివర్లో రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. నా మొదటి వ్యాసం ఇలాంటి పుస్తకం నుంచే వచ్చింది. ఆ ప్రశ్నార్థకాల్లో సగానికి సగం తప్పని తర్వాత తేలింది, “రెండు అన్నలు” లాగే.

సిరొంచలో ఈ లెక్కలు మారతాయి. మరాఠీలో “ఆమ్హీ” అంటే మేము, “ఆపణ్” అంటే మనం, కాబట్టి అక్కడి పిల్లలకి జాతర ఉత్తరంలో ఇబ్బంది రాదు. మరాఠీ క్రియలో లింగభేదం కూడా ఉంది. కానీ వాళ్ల భాషలో ఆడవాళ్లకి ఒక రూపం, నపుంసకానికి ఇంకో రూపం. మనం అక్క వచ్చినా గేదె వచ్చినా “వచ్చింది” అంటాం. ఆ పిల్లలు దీన్ని తప్పుగా రాయకపోవచ్చు గానీ నవ్వుతారు. మన భాష గురించి మనం ఎప్పుడూ ఆలోచించని సంగతి అది, నవ్వితే నవ్వనివ్వండి.

కొండ పిల్లలు తరగతిలో ఉంటే ఇంకో మాట. అందరినీ “ఆదివాసీ భాష” అని ఒకే గాట కట్టొద్దు. కువి తెలుగుకి చెల్లెలు. కువి, కుయి, గోండీ, కొండ అనే భాషలు తెలుగు ఉన్న ద్రావిడ శాఖలోవే. ఆ లెక్కన తమిళం కంటే కువే మనకి దగ్గర చుట్టం. కువిలో ఇల్లు ఇల్లే, చేప మీను. సవర అలా కాదు, అది ముండా కుటుంబం, ద్రావిడంతో బంధుత్వమే లేదు. కువి పిల్లకి పనిచేసిన ఉపాయం సవర పిల్లాడికి పనిచేయకపోతే వాణ్ని మొద్దు అనకండి.

“ఏటి”, “సూడు”, “ఎల్తన్నాను” అని రాసినప్పుడు ఎర్ర గీత అసలు పెట్టొద్దు. అది తప్పు కాదు, ఇంటి మాట. నేను నోటు పుస్తకంలో రెండు నిలువు వరుసలు గీయిస్తాను. ఒకదాని మీద “ఇంట్లో”, రెండోదాని మీద “పరీక్షలో”. పిల్లలే పోటీపడి నింపుతారు.

మన ఊరి మాస్టారు

భాష చెప్పడం, భాష మీద పరిశోధన, ఈ రెండు పనులూ ఒకే మనిషి చేయొచ్చని నాకు నమ్మకం కలిగించింది గిడుగు వెంకట రామమూర్తి. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో రాజావారి బడిలో మాస్టారుగా చేశారు. వాడుక భాష కోసం పోరాడిన మనిషిగానే ఆయన అందరికీ తెలుసు. ఆగస్టు 29న దండలు వేసేదీ అందుకే. నాకు మాత్రం సవర గిడుగు ఎక్కువ ఇష్టం. తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకి బడులు పెట్టించారు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. నిఘంటువు వచ్చేసరికి ఆయనకి డెబ్బై దాటింది.

మధ్యలో 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి అటు వెళ్లిపోయింది. ఆయన ఊరు వదిలి రాజమండ్రి చేరారు. మా ఊళ్లో పెద్దవాళ్లు ఇది చెప్పి నిట్టూరుస్తారు. పని నేర్చుకునేవాళ్లకి నేను చెప్పే సంగతి మాత్రం వేరు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడి వాడి ఆయనకి చెవుడు వచ్చింది. వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెవులు పోయాయి. కాబట్టి రాయగడ, కోరాపుట్, గడ్చిరోలి వైపు ఫీల్డ్‌వర్క్‌కి వెళ్లేవాళ్ల సంచిలో మొదట పడాల్సింది దోమతెర. రికార్డర్ తర్వాత.

అంశం ఎక్కడ దొరుకుతుంది

బ్రిటిషువాళ్ల కాలంలో గ్రియర్సన్ చేసిన భారతీయ భాషల సర్వే పెద్ద పని, 1903 నుంచి 1928 దాకా సంపుటాలు వచ్చాయి. కానీ మద్రాసు ప్రెసిడెన్సీని ఆ సర్వేలో కలపలేదు. అప్పటికి గంజాం, కోరాపుట్ రెండూ మద్రాసు కిందే ఉన్నాయి. తర్వాత ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశాలు తెచ్చింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలది 1962లో, చేనేత పదాలది 1971లో వచ్చాయి. వాటి హద్దు ఆంధ్రప్రదేశ్ దగ్గర ఆగింది. మనం అప్పటికి ఒడిశాలో ఉన్నాం. మొదటి వల వేసేటప్పుడు మద్రాసులో ఉన్నామని వదిలేశారు, రెండో వల వేసేటప్పుడు ఒడిశాలో ఉన్నామని వదిలేశారు. ఆ నాన్నలకి నేను చెప్పే పెద్ద జవాబు ఇదే. ఇక్కడ ఏరుకోవాల్సింది చాలా ఉంది, ఏరుకునే భాష మన పిల్లల నోట్లోనే ఉంది.

అయితే “ఒడిశాలో తెలుగు భాష: ఒక పరిశీలన” లాంటి అంశం తీసుకోకండి. మూడేళ్లయ్యాక ఎక్కడ మొదలుపెట్టారో మీకే గుర్తుండదు. చిన్నది తీసుకోండి. గోపాలపురం, పూరీ రేవుల్లో మన నోలియాలు (తెలుగు జాలర్లు) గాలులకి, వలలకి పెట్టుకున్న పేర్లు. బరంపురంలో పట్టు నేసే ఇళ్లలో మగ్గం మాటలు. గుణుపురం సంతలో బేరం ఏ భాషలో మొదలై ఏ భాషలో తెగుతుంది. సిరొంచ నుంచి కాళేశ్వరం వెళ్లొచ్చేవాళ్లు నది దాటగానే ఏ మాట మారుస్తారు. వీటిలో ఏదైనా ఒక మనిషి ఒక బస్ పాస్‌తో చేయగలిగిన పనే.

పీహెచ్‌డీ నిబంధనలు తక్కువ మాటల్లో: కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఉద్యోగం చేస్తూ చేరొచ్చు, పై అధికారి నుంచి అనుమతి పత్రం కావాలి. గైడ్‌ని ఎంచుకునేటప్పుడు ఆయన పుస్తకాల జాబితా కాదు, ఆయన దగ్గర చేరినవాళ్లలో ఎంతమంది పూర్తిచేశారో కనుక్కోండి. పాత విద్యార్థికి ఒక టీ ఇప్పిస్తే అంతా చెప్తాడు.

మాట రికార్డు చేయడం

మంచి రికార్డర్ లేకపోయినా ఫోన్ చాలు, కానీ ఫైలు వేవ్ (WAV) రూపంలో ఉండాలి. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో పెట్టుకుంటే గంటకి దాదాపు 300 ఎంబీ అవుతుంది. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లతో మాటల అర్థం రాసుకోవచ్చు గానీ ధ్వనులు కొలవలేం, అది శబ్దాన్ని నొక్కేస్తుంది. విని రాయడానికి ఈలాన్ (ELAN), ధ్వని కొలవడానికి ప్రాట్ (Praat) అనే సాఫ్ట్‌వేర్లు వాడండి, రెండూ ఉచితం. గంట రికార్డు అక్షరాల్లో పెట్టడానికి నాకు ఏడెనిమిది గంటలు పడుతుంది. కాబట్టి రోజంతా రికార్డు చేసి సంబరపడొద్దు. ఫైలు పేరులో తేదీ ముందు, ఊరు తర్వాత, వరుస సంఖ్య చివర. ఏ ఫైలైనా రెండుచోట్ల ఉండాలి, రెండోది మీ ఇంట్లో కాదు.

ముందు ఒప్పుకోలు. ఎందుకు రికార్డు చేస్తున్నారు, ఎవరు వింటారు, పేరు వేయాలా వద్దా అన్నది వాళ్ల భాషలో చెప్పి, “సరే” అన్న మాటని కూడా రికార్డులోనే ఉంచండి. వేలిముద్ర వేయించుకునే కాగితం తీస్తే మన ఊళ్లలో భూమి పోతుందేమోనని బెదురుతారు. బెదరడానికి వాళ్లకి కారణాలున్నాయి. పూజ పాటలూ చావు పాటలూ ప్రత్యేకంగా అడిగి, వద్దంటే వదిలేయండి.

నేను మొదటిసారి కాశీనగర్ దగ్గర ఒక ఊళ్లో ముసలమ్మ దగ్గర కూర్చున్నాను. మే నెల, ఫ్యాన్ వేశారు. ఇంటికొచ్చి వింటే రెండు గంటలూ ఫ్యాన్ మోతే. అంతకంటే పెద్ద తప్పు నా ప్రశ్నలో ఉంది. “అమ్మమ్మా, గాదెని మీరు ఏమంటారు?” అని అడిగాను. “గాదే అంటాం బాబూ” అంది. మాస్టారు అడిగాడు, మాస్టారి మాటే తిరిగి చెప్పింది, మర్యాద తెలిసిన మనిషి. రికార్డర్ ఆపి టీ తాగుతుంటే, మనవడి మీద కేకేసింది: “ఒరే, గరిసె మీంచి కోళ్లని తోల్రా!”

ఆ ఒక్క కేక నాకు పాఠం. పదం మీరు అందించకండి. వస్తువు చూపించండి, లేదా పని చెప్పించండి: “కోత అయ్యాక వడ్లు ఏం చేస్తారు?” అని అడిగి నోరు మూసుకోవాలి. మనం వింటున్నామని తెలిస్తే మనిషి మాట మారుతుంది, దీన్ని అమెరికా భాషావేత్త విలియం లేబొవ్ “పరిశీలకుడి చిక్కు” అన్నాడు. దాన్ని పూర్తిగా తప్పించలేం. మొదటి అరగంట లెక్కలో వేసుకోకుండా కూర్చోవడం, తిట్టు, నవ్వు, పిల్లల మీద కేకలు వచ్చేదాకా ఉండటం, ఇంతే చేయగలం. రికార్డర్ ఆపేశాక వచ్చిన మాటని వెంటనే నోటు పుస్తకంలో రాసుకుని, “అమ్మమ్మా, ఇప్పుడన్న మాట రాసుకున్నాను, పర్లేదా?” అని అడగండి.

మధ్యలో బతుకు గడవడం

డిగ్రీకీ ఉద్యోగానికీ మధ్య రెండు మూడేళ్లు ఖాళీ వస్తుంది. అందరికీ వస్తుంది, ఇంట్లో పోరు కూడా అప్పుడే. మూడు భాషలు వచ్చినవాళ్లకి అప్పుడు అనువాదం ఆసరా. ఒడియా నుంచి తెలుగుకి నేరుగా చేయగలిగినవాళ్లు తక్కువ, ఇంగ్లిషు మీదుగా తిప్పి చేసేవాళ్లే ఎక్కువ. ఒడిశాలో 2007 నుంచి పది గిరిజన భాషల్లో మొదలైన బహుభాషా విద్య వల్ల వాచకాలు, కథల పుస్తకాలు రాసే పని వస్తూ ఉంటుంది. 2022లో వచ్చిన భాషిణి అనే కేంద్ర ప్రభుత్వ పథకం తర్వాత కంప్యూటర్లకి మాట నేర్పడానికి గొంతులు రికార్డు చేసే పనులూ పెరిగాయి. అక్కడ చదవమని ఇచ్చే వాక్యాలు కృతకంగా ఉంటే ఊరుకోకుండా చెప్పండి. మన యాస లేకుండా నేర్పితే రేపు ఆ ఫోన్‌కి మన అమ్మ మాట అర్థం కాదు.

డబ్బు సంగతి ముందే మాట్లాడండి. పదానికి ఎంత, మొదటి విడత ఎప్పుడు, దిద్దుబాట్లు ఎన్నిసార్లు, అన్నీ రాతలో ఉండాలి. ఒక ప్రచురణకర్త నా చేత రెండు వందల పేజీలు చేయించి, “మీలాంటి పండితుల దగ్గర డబ్బు మాట ఎలా ఎత్తుతాం సార్” అన్నాడు. నిజంగానే ఎత్తలేదు, ఇప్పటికీ. ఇలాంటివాళ్లే పత్రికల్లోనూ ఉంటారు. అయిదు వేలు కడితే వారంలో మీ పేపర్ వేస్తామంటారు. 2025లో యూజీసీ తాను ఆమోదించిన పత్రికల జాబితాని (కేర్) ఎత్తేశాక మంచి పత్రిక ఏదో చూసుకునే భారం మన మీదే పడింది. పాత సంచికలు నాలుగు చదివి, మీ గైడ్ కాని ఇంకొకరిని అడిగి గానీ పంపకండి.

తెలుగు పోస్టు ఖాళీగా ఉన్న బడి మీ ఊళ్లో ఉంటే, తల్లిదండ్రుల చేత అర్జీ పెట్టించండి. అల్పసంఖ్యాక భాషల పిల్లలకి ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే సదుపాయం కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతోంది. 1956లో చేర్చారు. అర్జీలో ఆ అంకె, ఏ తరగతిలో ఎంతమంది పిల్లలు అన్న పట్టిక, తల్లిదండ్రుల సంతకాలు ఉంటే కాగితం కనీసం ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదకి కదులుతుంది. ఆ పోస్టు మీకే వస్తుందని హామీ లేదు.

తీసుకున్నది తిరిగి పట్టుకెళ్లండి

థీసిస్ అయ్యాక రికార్డులిచ్చినవాళ్ల ఇంటికి మళ్లీ వెళ్లాలి. బైండు పుస్తకం వాళ్లకేం పనికిరాదు. వాళ్ల గొంతు వాళ్లకి వినిపించండి, ఇంట్లో ఎవరి ఫోన్‌లోనైనా ఎక్కించండి, చనిపోయినవాళ్ల గొంతు ఉంటే ముందు చెప్పి వినిపించండి. సగం పనికి ఊళ్లోవాళ్ల దిద్దుబాట్లు ఆ రోజే దొరుకుతాయి, కాబట్టి పూట కాదు, రోజంతా పెట్టుకోండి.

కాశీనగర్ దగ్గరి ముసలమ్మకి ఆవిడ కేక వినిపిద్దామని వెళ్లాను గానీ అది రికార్డులో లేదు కదా, నోటు పుస్తకంలోంచి చదివాను. గరిసె అన్న మాట దగ్గర ఆపి, “అది మా అత్తోరింటి మాట బాబూ, మా కన్నోరు అలా అనరు” అంది. మరి ఏమంటారని అడిగాను. నా చేతి వైపు చూసి, “ఆ మిషను తెచ్చావేటి?” అంది. తీసుకెళ్లలేదు. “అయితే అది పట్టుకుని రా, అప్పుడు సెప్తాను” అని చేట అందుకుంది. తిరిగివ్వడానికి వెళ్లినా సరే, రికార్డర్ ఛార్జ్ చేసి వెంట ఉంచుకోండి.